పద్నాలుగో మాట

ఇంగ్లీష్ సారు సంతాప సభలో మాట్లాడేవాళ్ళ జాబితాలో నాది ఐదో పేరు. ఆ జాబితా నా కళ్ళతో చూశాను. నాలుగో ఆయన మాట్లాడి కూర్చోగానే ఆరో ఆయన్ని పిలిచారు. నేను లేచి నిలబడ్డాను. ప్రిన్సిపాల్ గారు అరచెయ్యి కిందికి ఊపి కూర్చోమన్నారు. తర్వాత సారు జ్ఞాపకార్థం చిన్న పుస్తకం వేస్తున్నామంటే నాలుగు పేజీలు రాసిచ్చాను. పుస్తకం వచ్చింది. నా నాలుగు పేజీలు ఉండాల్సినచోట కాలేజీ బస్సుల ఫోటో ఉంది. అంతకుముందు మూడేళ్ళుగా ఛైర్మన్ గారికి పదకొండు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. అందిందని ఒక ముక్క కూడా లేదు. సారు గురించి నాకంటే ఎక్కువ తెలిసినవాళ్ళు ఆ కాలేజీలో లేరు. సారు వల్ల నాకంటే ఎక్కువ నష్టపోయినవాళ్ళూ లేరు. అయినా నన్ను తప్ప అందర్నీ అడిగారు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

ఆయన పేరు రాయను. మా కాలేజీలో పేర్లతో ఎవరికీ పనిలేదు. ఇబ్రహీంపట్నం దగ్గర, థర్మల్ పొగగొట్టాలు కిటికీలోంచి కనిపించే జూనియర్ కాలేజీ మాది. అక్కడ ఫిజిక్స్ సారు ఉంటారు, బోటనీ మేడమ్ ఉంటారు, మ్యాథ్స్ సారు ఉంటారు. నేను కెమిస్ట్రీ సారుని. మొత్తం పద్నాలుగు మందిమి. ఆయన ఇంగ్లీష్ సారు.

సన్నగా, కొంచెం ముందుకు వంగి నడిచేవారు. చొక్కా జేబులో ఒకటే పెన్ను, మూత ఉన్నది. ఆ మూతతో బల్ల మీద రెండుసార్లు కొట్టి గానీ ఏదీ రాసేవారు కాదు. అన్నం డబ్బా మూత పూర్తిగా తీయకుండా, సగం తెరిచి, పుస్తకం చదువుతున్నట్టు అందులోకి చూస్తూ తినేవారు. చల్లపల్లి ఆయనది. నాది పామర్రు. మొదటిరోజు కాలేజీ బస్సులో పక్కన కూర్చుని అడిగిన మొదటి మాట నాకింకా గుర్తుంది.

"మా చల్లపల్లిలో కోట ఉందండీ. మీ పామర్రులో ఏముంది, బస్సు మారడానికి దిగటం తప్ప?"

బస్సంతా నవ్వింది. అప్పటికి ఆయనతో నాకు పది నిమిషాల పరిచయం. ఆ మాటకి నేను ఇవ్వాల్సిన జవాబు ఎనిమిది రోజుల తర్వాత తట్టింది. అప్పటికి చెప్పి లాభం లేదు.

లోపాలకు ఇంగ్లీషులో ఎన్ని మాటలున్నాయో అన్నీ ఆయన దగ్గర ఉండేవి. దుకాణంలో గుడ్డలు చూపించినట్టు ఒక్కోటీ తీసి చూపించేవారు. గొల్లపూడి దగ్గర బస్సు ఆగిపోతే అందరం డ్రైవర్ని తిట్టేవాళ్ళం. ఆయన మాత్రం కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ, "దీనికి డిఫెక్ట్ లేదండీ, ఫెయిలింగ్ ఉంది. డిఫెక్ట్ అంటే పుట్టుకతో వచ్చేది. ఫెయిలింగ్ అలవాటుతో వచ్చేది. దీనికిది అలవాటు," అనేవారు. క్యాంటీన్ ఉప్మా నోట్లో పెట్టుకుని, "ఉప్పు డెఫిషియన్సీ. అంటే ఉంది, చాల్లేదు. పోపు లాక్యునా. అంటే ఉండాల్సిన చోట ఉత్త బొక్క," అనేవారు. క్యాంటీన్ ఆవిడ గరిటె పట్టుకుని, "సారూ, తిట్టేదేదో తెలుగులో తిట్టండి, ఇంకో గరిటె వేస్తా," అనేది.

ఒకసారి నేనడిగాను. "ఇన్ని మాటలెందుకండీ? తెలుగులో లోపం అంటే అన్నిటికీ సరిపోతుంది కదా."

"అందుకేగా తెలుగులో రాయనివ్వరు," అన్నారాయన. "తెలుగులో రాస్తే మీకు అర్థమైపోతుంది."

రాయడమంటే ఏమిటో చెప్పాలి. మా కాలేజీలో ప్రతి మార్చిలో ఒక్కొక్క లెక్చరర్ గురించి ఒక ఫారం నింపి విజయవాడలో ఛైర్మన్ గారి ఆఫీసుకు పంపాలి. అందులో తొమ్మిదో గడి లోపాలకు. రాయాల్సింది ప్రిన్సిపాల్. అప్పటి ప్రిన్సిపాల్‌కు ఇంగ్లీషంటే చెమటలు పట్టేవి కాబట్టి ఆ పని ఇంగ్లీష్ సారుకు అప్పజెప్పారు. మొదటి ఏడు ఆయన అందరి గడిలోనూ 'లేవు' అని రాశారు. ఫారాలు ఎర్ర సిరాతో తిరిగొచ్చాయి. లోపం లేని మనిషి ఉండడు, గడి ఖాళీగా వదలరాదు అని. రెండోసారి అందరికీ డ్రాబ్యాక్ అని ఒకే మాట రాశారు. మళ్ళీ తిరిగొచ్చాయి. కాపీ కొట్టినట్టుంది, ఒక్కొక్కరికి ఒక్కో మాట ఉండవలెను అని.

ఆ రోజు ఆయన ఒక పొడుగాటి నోట్‌బుక్ కొన్నారు.

ఛైర్మన్ గారు వడ్ల మిల్లులు నడిపి, తర్వాత కాలేజీల్లోకి వచ్చిన మనిషి. ఆ ఫారాలు స్వయంగా చదివేవారు. ఫోన్‌లో డిక్షనరీ పెట్టుకుని ఒక్కో మాటకూ అర్థం చూసుకునేవారు. ఏడాది చివర స్టాఫ్ మీటింగ్‌లో మైకు పట్టుకుని, "ఈసారి లాక్యునా అని కొత్తది నేర్చుకున్నానండోయ్. భలే ఉంది. ఎవరిదది?" అన్నారు. బోటనీ మేడమ్ చెయ్యెత్తారు. అందరం చప్పట్లు కొట్టాం. భోజనాల దగ్గర ఆవిడ, "మా ఆయన ఫోన్ చేసి అడుగుతున్నారండీ, లాక్యునా అంటే ఏమన్నా జబ్బా, టెస్టులు చేయించాలా అని," అంటే మజ్జిగ తాగుతున్న మ్యాథ్స్ సారుకు పొలమారింది.

అలా మాకది ఆటయిపోయింది. మార్చి వస్తే స్టాఫ్‌రూమ్‌లో ఒకటే గోల. "సార్, నిరుడు నాకు ఇన్‌అడిక్వసీ ఇచ్చారు, పలకడానికి రాలేదు. ఈసారి చిన్నది చూడండి." "నాకు ఫ్లా ఇవ్వండి సార్, ముద్దుగా ఉంటుంది." నేనూ అడిగాను. నేనూ నవ్వాను. అది దాచిపెట్టి మిగతాది చెప్పడం న్యాయం కాదు.

ఫారాలు నింపడం నా కెమిస్ట్రీ ల్యాబులో జరిగేది. అక్కడ మధ్యాహ్నం ఎవరూ రారు. పైగా నా చేతిరాత బాగుంటుందని పన్నెండు మంది ఫారాలూ నాచేత రాయించేవారు. ఆయన ఫారం, నా ఫారం మాత్రం ఆయనే రాసేవారు. "ఎవరి లోపం వాళ్ళు రాసుకోకూడదండీ. అందంగా వస్తుంది," అని నవ్వేవారు. నాది రాశాక చూపించేవారు. ఆయనది నేను అడగలేదు. అడగాలని తోచలేదు.

పనికి ఒక పద్ధతి ఉండేది. వాక్యం మారదు. ఎవరి వాక్యం వాళ్ళకు మొదటి ఏడే కుదిరింది. మ్యాథ్స్ సారుకు సిలబస్ పూర్తిచేయడంలో, బోటనీ మేడమ్‌కు రికార్డులు దిద్దడంలో, నాకు విద్యార్థులతో వ్యవహరించడంలో. నేను ల్యాబులో అరుస్తాను. యాసిడ్ సీసా మూత తీసి వాసన చూసే పిల్లల మీద అరవకుండా ఎలా ఉంటారు? అదొక్కటే నా లోపం. వాక్యంలో ఒక్క మాట మాత్రం ఏటా చేతులు మారుతుంది. ఆ ఏడు నాకు షార్ట్‌కమింగ్ అయితే పై ఏడు లిమిటేషన్.

నోట్‌బుక్ మొదటి పేజీలో పద్నాలుగు మాటలు వరసగా ఉండేవి. తేలికది పైన, బరువైనది కింద. నా బల్ల మీదున్న త్రాసు చూపించి, "మీరు ఉప్పు తూస్తారు, నేను మాట తూస్తాను," అనేవారు. ఆయన తూకం రాళ్ళు మూడే. మొదటి ఐదు మాటల పక్కన 'చదివినవాడు నవ్వుతాడు' అని తెలుగులో రాసుకున్నారు. తర్వాతి ఎనిమిది పక్కన 'చదివినవాడు తలెత్తి చూస్తాడు'. చిట్టచివరి దాని పక్కన 'చదివినవాడు తలుపు మూస్తాడు'. ఆ చివరి మాట బ్లెమిష్.

"అంటే?" అన్నాను.

"మచ్చండీ. మిగతావన్నీ పనిలో ఉండేవి. ఇది మనిషి మీద ఉండేది."

"మరి ఇది ఎవరికిస్తారు?"

ఆయన పెన్ను మూతతో బల్ల మీద కొట్టారు. "ఎవరో ఒకరికి తప్పదు కదండీ. పద్నాలుగు మంది, పద్నాలుగు మాటలు."

నేను పన్నెండు ఫారాలూ రాసేసి చేతులు కడుక్కునేసరికి ఆయన తన ఫారం ముందు పెట్టుకునేవారు. అప్పుడు పెన్ను జేబులో పెట్టుకుని లేచి, వరండా చివరిదాకా నడిచి, థర్మల్ బూడిద పట్టిన పిట్టగోడ దగ్గర కాసేపు నిలబడి, వెనక్కి వచ్చి రాసేవారు. ఏటా ఒక్కసారే. బాత్రూముకు వెళుతున్నారనుకునేవాణ్ణి. నేను రాసిన పన్నెండిట్లో బ్లెమిష్ ఎప్పుడూ ఎందుకు లేదో నాకు తట్టలేదు. త్రాసు పెట్టుకుని బతికేవాణ్ణి, నాకు తట్టలేదు.

ఆయన ప్రిన్సిపాల్ కావాల్సిన మనిషి. సీనియర్. ఆయన్ని దాటేసి ఫిజిక్స్ సారుని ప్రిన్సిపాల్ చేశారు. అప్పుడు కూడా నేను, ఈయనకు ఆశ లేదు అనుకున్నాను. ఆ సాయంత్రం బస్సులో ఏమీ జరగనట్టు, "మీ పామర్రులో నిన్న దిగానండీ, బస్సు మారడానికి," అన్నారు.

మూడేళ్ళ కిందటి మార్చిలో ఆయన వరండాలోకి నాలుగుసార్లు వెళ్ళారు. నేను లెక్కపెట్టాను. నాలుగోసారి వచ్చాక నా ఫారం రాసి, చూపించకుండా అడుగున పెట్టేశారు.

"నాదేంటండీ ఈసారి?"

"ఉందిలెండి," అన్నారు. కళ్ళద్దాలు తీయలేదు, తుడుచుకోలేదు.

ఆ వేసవిలో విజయవాడలో ఇంటికి దగ్గరగా ఉన్న ఇంకో కాలేజీలో ఉద్యోగానికి ప్రయత్నించాను. ఇంటర్వ్యూ బాగా జరిగింది. టైం టేబుల్ గురించి కూడా మాట్లాడుకున్నాం. వారం తర్వాత పిలిస్తే వెళ్ళాను. మా కాలేజీ నుంచి తెప్పించుకున్న కాగితాలు అక్కడి ప్రిన్సిపాల్ ముందున్నాయి. వేలు ఒకచోట పెట్టి ఉంచారు.

"సార్, విద్యార్థులతో వ్యవహరించడంలో బ్లెమిష్ అని ఉందండీ. ఏం జరిగింది?"

"ఏమీ జరగలేదు."

"ఏమీ జరక్కుండా రాయరు కదండీ. మా దగ్గర ఆడపిల్లల హాస్టల్ ఉంది."

ఆయన కాగితాల అట్ట మూసేశారు. తలుపు మూయడం అంటే ఏమిటో అప్పుడు చూశాను. కేకలు లేవు, తిట్లు లేవు. అట్ట మీద అరచెయ్యి ఆనించి ఉంచారు, అంతే.

ఆ మాట మా కాలేజీలోనూ పాకింది. ఎవరు చెప్పారో తెలియదు. జూన్‌లో అమ్మాయిల సెక్షన్లు నా దగ్గర్నుంచి తీసేశారు. కారణం అడిగితే, "సర్దుబాటు" అన్నారు. ఇంట్లో మా ఆవిడ రెండు రోజులు ఏమీ అడగలేదు. మూడో రోజు కూర తరుగుతూ, తలెత్తకుండా, "ఏవండీ, ఆ మాటకి అర్థమేంటి?" అంది. నేను చెప్పేలోగా ఇంటర్ చదివే మా అమ్మాయి ఫోన్‌లో చూసి, "మచ్చ," అంది. కత్తి ఆగింది. ఆ నిమిషం ఆ గదిలో ఉన్న ముగ్గురిలో ఎవరూ ఎవరివంకా చూడలేదు. ఆ నిమిషానికి నేను ఇప్పటికీ జవాబు అడుగుతున్నాను.

మర్నాడు వరండా చివర, ఆ పిట్టగోడ దగ్గరే ఆయన్ని పట్టుకున్నాను.

"ఆ మాట మీరే రాశారా?"

"నేనే."

"నేనేం చేశాను?"

"ఏమీ చెయ్యలేదు."

"మరి ఎందుకు రాశారు?"

"గడి ఖాళీగా వదలకూడదు కదండీ."

కాలర్ పట్టుకునేవాణ్ణే. చెయ్యి లేచింది కూడా. ఆయన వెనక్కి జరగలేదు. గోడ మీద బూడిదలో వేలితో గీత గీస్తూ నిలబడ్డారు.

"పద్నాలుగు మందిలో నేనే దొరికానా? నా కూతురు నా మొహం చూడట్లేదు, తెలుసా మీకు?"

ఆయన వేలు ఆగింది. "మిగతావాళ్ళు మింగేస్తారండీ. మీరు మింగరు," అన్నారు.

అది ఎగతాళి అనుకున్నాను. పామర్రు మాటకంటే పెద్దది. "చూస్తాను, ఎవరు మింగుతారో," అని వచ్చేశాను. ఆ సాయంత్రమే ఛైర్మన్ గారికి మొదటి ఉత్తరం రాశాను.

అదే ఏడు ఆయనకు రిటైర్మెంట్ వయసు వచ్చినా రెండేళ్ళు పొడిగింపు ఇచ్చారు. ఆ రెండేళ్ళూ ఒకే బస్సు. ఆయన బెంజి సర్కిల్ దగ్గర ఎక్కి, పక్క సీట్లో అన్నం సంచి పెట్టేవారు. నేను ఎక్కగానే సంచి తీసి ఒళ్ళో పెట్టుకునేవారు. నేను కూర్చునేవాణ్ణి కాదు. కాలేజీ దాకా రాడ్డు పట్టుకుని నిలబడేవాణ్ణి. రెండేళ్ళు, రోజూ, ఆయన సంచి తీసేవారు, నేను నిలబడేవాణ్ణి. ఖాళీ సీటు మధ్యలో పెట్టుకుని ప్రయాణం చేశాం. ఒకసారి మ్యాథ్స్ సారు అందులో కూర్చోబోతే ఆయన, "ఒకళ్ళు వస్తారండీ," అన్నారు. నేను ఆయనకు మూరెడు దూరంలో నిలబడి ఉన్నాను.

ఫారాలకు నన్ను పిలవలేదు. వేరే చేతిరాత వెతుక్కున్నారు.

ఒక్కసారి మాత్రం మాట్లాడారు. బస్సు రెడ్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, నా వంక కాకుండా కిటికీలోంచి చూస్తూ అన్నారు. ఆయన చర్చిలో పెద్ద. ఆదివారం వాక్యం చదివేది ఆయనే. "చర్చిలో అందరం ఒకే మాట చెప్పుకుంటామండీ. పాపం అని. ముసలివాళ్ళూ అదే, కుర్రాళ్ళూ అదే. అక్కడ కాపీ కొట్టారని ఎవరూ తిప్పి పంపరు." పచ్చలైటు పడింది. నేను వినబడనట్టు ఊరుకున్నాను. వినబడింది.

పొడిగింపు అయిపోయి చల్లపల్లి వెళ్ళిపోయారు. పోయిన డిసెంబరులో కబురొచ్చింది. వెళ్ళకూడదనుకున్నాను. వెళ్ళాను. పామర్రులో దిగి బస్సు మారుతుంటే నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. భూస్థాపన అయ్యాక, అందరూ టీ తాగుతుంటే వాళ్ళమ్మాయి నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

"కెమిస్ట్రీ అంకుల్ మీరేనా? నాన్న మీకిమ్మన్నారు." పొడుగాటి నోట్‌బుక్.

"ఏమన్నా చెప్పమన్నారా అమ్మా?"

"లేదంకుల్. ఇస్తే తిడతారు, తిట్టనివ్వు అన్నారు."

గోడ పక్కనే నిలబడి తెరిచాను. ఏడాదికో పేజీ. ఎడమవైపు పద్నాలుగు మాటలు, కుడివైపు పద్నాలుగు మంది మనుషులు. నా మాటలన్నీ పైన, నవ్వే ఐదింటిలోనే ఉన్నాయి. పన్నెండేళ్ళలో నన్నొక్కసారి కూడా ఆరో మాట దాకా దింపలేదు. ఇక చిట్టచివరి మాట పక్కన పన్నెండేళ్ళూ ఒకటే రాసుంది. ఇంగ్లీష్. ఇంగ్లీష్. ఇంగ్లీష్.

పదమూడో ఏడు పేజీ చూశాను. బ్లెమిష్ పక్కన మొదట ఇంగ్లీష్ అని రాసి కొట్టేశారు. బోటనీ అని రాసి కొట్టేశారు. మ్యాథ్స్ అని రాసి కొట్టేశారు. తర్వాత కెమిస్ట్రీ. దాన్ని కొట్టలేదు. నాలుగు పేర్లు. ఆయన వరండాలో నాలుగుసార్లు నడిచారు. ఆ తర్వాతి రెండు పేజీల్లో చివరి మాట మళ్ళీ ఇంగ్లీష్ దగ్గరికి వెళ్ళిపోయింది.

"ఆ ఏడు ఏం జరిగిందమ్మా?" అన్నాను పేజీ చూపించి.

ఆ పిల్ల పేజీ పైనున్న సంవత్సరం మీద వేలు పెట్టింది. "అమ్మకి డయాలసిస్ మొదలైంది అంకుల్. వారానికి రెండుసార్లు. కాలేజీ ఇన్సూరెన్స్ మీద విజయవాడలో జరిగేది. నాన్నకి పొడిగింపు రాకపోతే అది ఆగిపోయేది." పేజీ మీంచి వేలు తీసి, "ఆ రెండేళ్ళూ అమ్మ బతికింది," అంది.

కాగితంలో మచ్చ ఉన్నవాడికి పొడిగింపు ఇవ్వరు. నేను టీ గ్లాసు గోడ మీద పెట్టేశాను.

సరే. ఇప్పుడు అందరూ నేను కరిగిపోయానని అనుకుంటారు. కరగలేదు. నాకు చెప్పాల్సింది. పన్నెండేళ్ళు ఒకే బల్ల దగ్గర కూర్చున్న మనిషిని, ఈ ఏడు ఇది మీరు మోస్తారా అని అడగాల్సింది. అడిగితే ఒప్పుకునేవాణ్ణా? ఒప్పుకునేవాణ్ణి కాదు. అది వేరే సంగతి. అడగాలి. తన మీద ఉన్నప్పుడు ఆయన ఆ మాటను మౌనంగా మోశారు కాబట్టి నా మీదా మౌనంగా పెట్టొచ్చనుకున్నారు. ఆయన ఒంటిగా మోసింది ఆయన ఒక్కరి జీవితం. నా మీద పెట్టినప్పుడు కత్తి ఆగింది నా వంటింట్లో.

కానీ పన్నెండేళ్ళు నేను మాటలు పంచే బల్ల దగ్గర కూర్చుని, అడుగున ఒకటి మిగులుతుందని తెలిసి, అది ఎవరి పళ్ళెంలో పడుతోందని ఒక్కసారి కూడా అడగలేదు. ఇది కూడా రాయాలి. లేకపోతే ఆయన చేసిందే నేనూ చేసినట్టు.

సంతాప సభకు నోట్‌బుక్ పట్టుకునే వెళ్ళాను. వేదిక మీద ఛైర్మన్ గారు మైకు పట్టుకుని, "ఆయన ఇంగ్లీషు ఎలాంటిదంటే, నాకు ఏటా కొత్త మాటలు నేర్పినాయన," అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. నన్ను ఎందుకు పిలవలేదో ఇప్పుడు అర్థమై ఉంటుంది. నేను నోట్‌బుక్ పైకెత్తి నిలబడ్డాను. ప్రిన్సిపాల్ గారు అరచెయ్యి ఊపారు. కూర్చున్నాను. కానీ నోట్‌బుక్ దించలేదు.

దాని ఫలితం పోయిన వారం వచ్చింది. ప్రిన్సిపాల్ గారు గదిలోకి పిలిచి, కుర్చీ చూపించి, మూడేళ్ళలో మొదటిసారి టీ తెప్పించారు.

"కెమిస్ట్రీ గారూ, ఆ నోట్‌బుక్ మీ దగ్గరుందటగా. ఫారాలు కూడా వచ్చాయి. మీకు పద్ధతి తెలుసు, చేతిరాత ఉంది. ఈ ఏడు నుంచి తొమ్మిదో గడి మీరు చూడండి."

"నా మీద ఉన్న మాట కొట్టేస్తారా?"

"అది రాసినాయన కొట్టెయ్యాలండీ. ఆయన లేరుగా."

"ఛైర్మన్ గారు కొట్టెయ్యొచ్చు."

"ఆయన్నెందుకులెండి ఇప్పుడు. మీరు ఈ పని పట్టారనుకోండి, మీ మాట మీ చేతుల్లోనే ఉంటుంది. ఏటా తేలికది చూసుకోవచ్చు." కాస్త ముందుకు వంగి, గొంతు తగ్గించి, "కొత్తగా ఇంగ్లీషుకు వచ్చినమ్మాయి ఉంది. ఆమెకి ఇంకా ఏదీ తెలియదు," అన్నారు.

ఆ అమ్మాయికి ఇరవై ఆరేళ్ళుంటాయి. ఆయన సీట్లో కూర్చుంటుంది బస్సులో. నేను ఎక్కితే లేచి, "కూర్చోండి సార్," అంటుంది.

ఫారాలు తెచ్చుకున్నాను. పద్నాలుగూ నా ల్యాబులో, త్రాసు పక్కన ఉన్నాయి. నెలాఖరుకు పంపాలి. నిన్న మధ్యాహ్నం పెన్ను తీశాను, మూతతో బల్ల మీద కొట్టబోయి ఆగాను. జేబులో పెట్టుకుని వరండా చివరిదాకా నడిచాను. పిట్టగోడ మీద బూడిద అలాగే ఉంది. మీరు మింగరు అని ఆయన అన్నది అక్కడే. ఆయన తిట్టారో, ఏదైనా అప్పజెప్పారో, అప్పుడు తేల్చుకోలేకపోయాను. ఇప్పుడూ తేలలేదు. తేలకపోయినా చెయ్యాల్సింది తెలిసింది. వెనక్కి వచ్చి ఒక్క గడిలోనూ ఏమీ రాయలేదు.

ఛైర్మన్ గారూ, ఇది నా పన్నెండో ఉత్తరం అనుకోండి. ఈసారి కవరులో పెట్టి పంపలేదు, అందరూ చదివేచోట రాశాను, అందలేదని అనడానికి లేకుండా. నేను అడిగేవి ఎక్కువ లేవు. నేనేం తప్పు చేశానో రుజువు చూపించండి, లేదా నా కాగితాల మీదినుంచి ఆ మాట మీ చేత్తో కొట్టేసి సంతకం పెట్టండి. పన్నెండేళ్ళు ఆ మాట మోసి, ఆ తర్వాత మళ్ళీ రెండేళ్ళు మోసి, మట్టిలో కలిసిన మనిషి కాగితాల మీద కూడా కొట్టేయండి. ఆ పద్నాలుగో మాట ఈ మార్చిలో ఎవరి మీద పెట్టమంటారో మీ నోటితో, పేరుతో చెప్పండి.

పద్నాలుగు ఫారాలూ ఖాళీ గడులతో మీకు వస్తున్నాయి. తిప్పి పంపితే మళ్ళీ అలాగే వస్తాయి. వాటి పైన పదిహేనో కాగితం ఒకటి పెడుతున్నాను. అందులో పైన మీ పేరు, కింద ఒక్కటే గడి. నాకు ఇవ్వాల్సిన జవాబు అందులో రాయండి. ఖాళీగా వదలరాదు.